కోరికల చిట్టాకు గడువుల వరుస

సంపాదకులకు నమస్కారం.

బకెట్ లిస్ట్, అంటే బతికుండగా చేసి తీరాలనుకునే పనుల చిట్టా, అనే మాట మన జిల్లాల్లోనూ బాగానే వినిపిస్తోంది. తిరుపతి, చిత్తూరుల్లో రిటైర్మెంటు దగ్గరపడినవాళ్లు మానస సరోవరం, అమర్‌నాథ్, నడిచి కొండెక్కడం, హార్మోనియం నేర్చుకోవడం, మధ్యలో ఆగిన పదో తరగతి అన్నీ ఒకే కాగితం మీద మనసుకు తోచిన వరుసలో రాసుకుంటున్నారు. రాసుకోవడం మంచిదే. చిక్కంతా ఆ వరుసతోనే. ఏది ముందుగా చేజారిపోతుందో చూసి వరుస పెట్టుకోవాలి.

కైలాస మానస సరోవర యాత్రకు విదేశాంగ శాఖ నిబంధన ప్రకారం వయసు 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండాలి. ఎత్తుకు బరువు సరిపోతోందా అని చూపే బీఎంఐ లెక్క 25 దాటకూడదు. అంటే 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 68 కిలోలు మించకూడదు. ఆపైన డ్రాలో పేరు రావాలి. అమర్‌నాథ్‌కు 13 నుంచి 70 ఏళ్లు, దాంతోపాటు గుర్తింపు పొందిన డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం. అమ్మాయి పెళ్లి అయ్యాక, మనవడు బడిలో చేరాక అంటూ 68 దాకా ఆగితే చేతిలో మిగిలేది రెండు మూడు సీజన్లే. ఇళ్లల్లో ఈ మాట ఎక్కువగా అనేది ఆడవాళ్లు, నష్టపోయేదీ వాళ్లే. ఓపెన్ స్కూల్ పదో తరగతికైతే 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. హార్మోనియం డెబ్బైలోనూ పట్టుకోవచ్చు. కాళ్లతో, ఊపిరితో పనిపడేవి చిట్టాలో పైకి రావాలి, కూర్చుని చేసేవి కిందికి పోవాలి.

తిథిని బట్టి వచ్చేవి ఇంకో రకం. తిరుమల అడవిలోని తుంబురు తీర్థానికి భక్తులు నడిచి వెళ్లే ముక్కోటి ఏడాదికొక్కసారి, పౌర్ణమికి. తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. గుండె జబ్బు, ఆస్తమా, స్థూలకాయం ఉన్నవాళ్లకు ఆ అడవి దారి తగదు.

ఒళ్లు సిద్ధం చేసుకోవడానికి మనకున్నంత సౌకర్యం ఇంకే ఊరికీ లేదు. అలిపిరి నడకదారి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. దగ్గర కదా అని కొత్తవాళ్లు శ్రీవారి మెట్టుకే పోతారు. అక్కడ ఊపిరి తీసుకునే చదును తక్కువ. అలిపిరిలో గాలిగోపురం దాకా ఎక్కుడే అయినా ఆ తర్వాత చాలా దూరం కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, మోకాళ్ల మెట్టు దగ్గర మళ్లీ నిటారు.

ఇంటి మెట్లు అంతస్తుకు 20 అనుకుంటే 3,550 అంటే 177 అంతస్తులు. ఒక్కరోజులో ఎక్కేద్దామనుకుంటే మోకాళ్లు పోతాయి. 12 వారాలు పెట్టుకోండి. మొదటి నాలుగు వారాలు చదును నేల మీద వారానికి ఐదు రోజులు, 30 నిమిషాల నుంచి గంటకు పెంచుతూ నడవాలి. ఐదో వారం రోజు విడిచి రోజు 10 అంతస్తులు, ఆపై వారానికి ఐదేసి పెంచితే పన్నెండో వారానికి 45 అవుతాయి. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగిన వేగమే సరైనది. ఎదలో బిగువు, కళ్లు తిరగడం ఉంటే అక్కడే ఆగి డాక్టరుకు చూపించుకోవాలి. దిగేటప్పుడు బస్సులో రండి. మోకాలి చిప్ప మీద భారం ఎక్కువగా పడేది దిగేటప్పుడే, తొడల నొప్పి రెండో రోజుకు పట్టేస్తుంది. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు ఎండలో వట్టికాళ్లతో ఎక్కొద్దు, బొబ్బ లేచినా తెలియదు.

మెట్లెక్కే సత్తా ఉంటే హిమాలయాలకు చాలనుకోవడం పొరపాటు. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. కైలాస పరిక్రమలో డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. 3,000 మీటర్ల పైన రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. తలనొప్పితో వాంతులు మొదలైతే పైకి పోకూడదు, తగ్గకపోతే దిగిపోవాలి. బలంగా ఉన్న కుర్రాళ్లు తొందరపడే ఇక్కడ దెబ్బతింటారు.

డబ్బు లెక్క సులువు. రూ.60 వేల ఖర్చుకు 24 నెలల గడువుంటే నెలకు రూ.2,500. దానికి బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్డీ నయం. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు. పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది కానీ చాలా దేశాలు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి, కనుక తొమ్మిదిన్నరేళ్లే లెక్క.

చిట్టాలో ‘రోజూ నడవాలి’ అని రాస్తే సాగదు. ‘పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే మెట్ల దగ్గరికి’ అని రాయండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తేల్చుకున్న పని ఎక్కువగా నెరవేరుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లోనే చూపారు. అలవాటు పడటానికి ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజులు పట్టిందని, మధ్యస్థంగా 66 రోజులని లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించారు. ఒక రోజు తప్పితే కొంప మునగదని కూడా అందులోనే తేలింది.

మీ పత్రికకు ఒక విన్నపం. మానస సరోవర దరఖాస్తులు, అమర్‌నాథ్ రిజిస్ట్రేషన్లు, ఓపెన్ స్కూల్ ప్రవేశాలు, ముక్కోటి తిథులు, మూడు నెలల ముందే విడుదలయ్యే రూ.300 దర్శన టికెట్లు, వీటి తేదీలన్నీ ఒకచోట పట్టికగా నెలకోసారి జిల్లా పేజీలో వేయండి. పంచాంగం పక్కన నాలుగంగుళాల చోటు చాలు.

– ఒక పాఠకుడు, తిరుపతి