బండే ఇల్లయినవారికి తిరుపతిలో మజిలీ ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారములు.

కారు వెనుక తగిలించుకుని వెళ్ళే క్యాంపర్ ట్రెయిలర్‌నే ఇల్లుగా చేసుకుని, ఇద్దరు పిల్లలతో ఏడాది పొడుగునా ప్రయాణంలోనే ఉండే కుటుంబం మాది. మావారి ఉద్యోగం ల్యాప్‌టాప్ మీద ఎక్కడినుంచైనా సాగేది కాబట్టి, పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండగానే వాళ్ళకు నాలుగు ఊళ్ళు చూపించాలన్న కోరికతో చిత్తూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఈ జీవితాన్ని ఎంచుకున్నాము. ఎంత దూరం తిరిగినా శ్రీవారి దర్శనానికీ, అయినవాళ్ళను చూడడానికీ ఇటు రాకుండా ఉండలేము. వచ్చిన ప్రతిసారీ మమ్మల్ని బాధపెట్టే విషయం ఒక్కటే: ఏటా రెండు కోట్లకు పైగా భక్తులు వచ్చే ఈ క్షేత్రంలో, బండిలో నివసించే కుటుంబం నీళ్ళు పట్టుకుని, మురుగును పద్ధతిగా వదిలి, ఒక రాత్రి నిశ్చింతగా పడుకునే చోటు మాకు ఇంతవరకు కనబడలేదు.

మురుగు సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే తిండికీ నిద్రకూ ఎలాగో సర్దుకోవచ్చు గాని దీనికి సర్దుకోవడం కుదరదు. ఇలాంటి బండ్లలో మరుగుదొడ్డి కింద ఇరవై లీటర్లు పట్టే డబ్బా ఒకటి ఉంటుంది. బయటివైపు చిన్న తలుపు తీసి, దాన్ని సొరుగులా లాగి, చక్రాల మీద దొర్లించుకుంటూ తీసుకెళ్ళి, మూత తిప్పి ఒంపి, రెండుసార్లు నీళ్ళు పోసి కడిగితే పని పూర్తవుతుంది. నలుగురున్న ఇంట్లో రెండు మూడు రోజులకే అది నిండుతుంది. డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్ల దగ్గర అడిగితే కాపలావాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళకది కొత్త, పైనుంచి ఆదేశమూ లేదు కనుక వాళ్ళను తప్పుపట్టలేను. అయితే చోటు చూపించకుండా వదిలేస్తే ఆ మురుగు చివరికి ఏ స్వర్ణముఖి ఇసుకలోకో, ఏ చెరువు వాగులోకో చేరుతుందన్నది ఆలోచించవలసిన విషయం.

దీనికి కావలసిన ఏర్పాటు చాలా చిన్నది. లోపలికి వాలుగా ఉండే సిమెంటు గచ్చు, దాని మధ్య మూత ఉన్న రంధ్రం, అక్కడినుంచి భూగర్భ డ్రైనేజీకి గొట్టం, కడగడానికి ఒక కుళాయి ఉంటే చాలు. తాగునీటి కుళాయి మాత్రం దానికి బాగా ఎడంగా ఉండాలి. డ్రైనేజీ లేనిచోట సెప్టిక్ ట్యాంకు కట్టి, యంత్రపు ట్యాంకరుతో తూకివాకం మురుగుశుద్ధి కేంద్రానికి తరలించవచ్చు. ఎవరి డబ్బా వారే ఒంపి, ఎవరి గచ్చు వారే కడుగుతారు కాబట్టి ఏ పారిశుద్ధ్య కార్మికుడూ అందులో చెయ్యి పెట్టవలసిన అవసరం రాదు.

ట్రెయిలర్‌తో సహా ఘాట్ రోడ్డు ఎక్కనివ్వమని మేము అడగడం లేదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మలుపులు గానీ, 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు గానీ వెనుక బండి ఈడ్చుకుంటూ వెళ్ళడానికి తగినవి కావు. బండిని కింద విడిచి, ఆర్టీసీ బస్సెక్కి కొండకు వెళ్ళి వచ్చేదాకా దానికి ఒక కాపలా ఉంటే మాకు చాలు. ఇప్పుడు మాబోటి వాళ్ళు పెట్రోలు బంకుల్లోనో, కల్యాణ మండపాల ముందు ఖాళీ జాగాల్లోనో ఆపుకుంటాము. ఏ అర్ధరాత్రో ఎవరో వచ్చి తలుపు తట్టి ఇక్కడ ఉండకూడదంటారు. నడిచే ట్రెయిలర్‌లో మనుషులు ఉండరాదు కనుక, నిద్రపోతున్న పిల్లలను ఎత్తుకుని కారులోకి మార్చి, సీటుబెల్టులు పెట్టి, పొయ్యి మీది గిన్నెలు సర్ది, స్టాండ్లు పైకెత్తి, చీకట్లో మరో చోటు వెతుక్కుంటూ బయలుదేరాలి. చంటిబిడ్డలున్న వారికి ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

పిల్లల చదువు సంగతేమిటని చాలామంది అడుగుతుంటారు. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా ఇంటి దగ్గరే చదివి పరీక్షలు రాయవచ్చు. రేపు ఒకచోట స్థిరపడితే 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. చదువుకు దారి ఉన్నది. మేము వెతుక్కుంటున్నది బండి ఆపుకునే జాగా కోసమే.

ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా అని కొందరు అనవచ్చు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చే యాత్రికుల బస్సులను ఒకసారి గమనించమని వారిని కోరుతున్నాను. డిక్కీలోంచి గ్యాసు పొయ్యి, గుండిగలు దించి, రోడ్డు పక్కన కానుగ చెట్ల కింద వంట చేసుకుని, ఆ గిన్నెలు అక్కడే కడుక్కుని, ఆడవాళ్ళు స్నానానికి మరుగు కోసం వెతుక్కునే దృశ్యం తిరుపతిలో ఎవరికీ కొత్త కాదు. లారీ డ్రైవర్ల అవస్థ కూడా ఇంచుమించు ఇదే. మేము అడిగే ఆవరణ వీళ్ళందరికీ పనికివస్తుంది. పూర్వం సత్రం కట్టించిన దాతలు మనుషులకు గదులు వేసి ఊరుకోలేదు. బండ్లు విప్పుకోవడానికి ఆవరణ, చెట్లనీడ, ఎడ్లకు నీళ్ళతొట్టి కూడా ఏర్పాటు చేశారు. బండ్ల తీరు మారింది గాని ఆ అవసరం మారలేదు.

కేరళ, మహారాష్ట్ర ప్రభుత్వాలు 2021లోనే కారవాన్ పర్యాటకానికి, అంటే ఇలాంటి నివాసపు బండ్లలో సాగే యాత్రలకు, విధానాలు ప్రకటించాయి. మన దగ్గర కూడా ఆ మాట వినబడుతున్నందుకు సంతోషమే. అయితే అది వేలల్లో అద్దె ఉండే రిసార్టులకే పరిమితమైతే సామాన్య యాత్రికుడికి ఒరిగేదేమీ ఉండదు. ముందు అందరికీ అందుబాటు ధరలో ఒక ప్రభుత్వ ఆవరణ రావాలి. ఆ తరువాత తోటలున్న రైతులకు అనుమతులు సులభం చేయాలి. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 4 రూపాయల చొప్పున ప్రభుత్వం ఆదుకోవలసి వచ్చిన మామిడి రైతుకు, కాణిపాకం దారిలోనో తలకోన దారిలోనో తోటలో నాలుగు బండ్లకు నీడ, నీళ్ళు, ఒక కరెంటు ప్లగ్గు ఇచ్చి అద్దె తీసుకునే వీలుంటే, కాపు లేని నెలల్లోనూ కొంత రాబడి ఉంటుంది. ఎండాకాలంలో రేణిగుంట వేడికి మా బండి పైకప్పు కాలిపోతుంటే, అలాంటి తోపు నీడ కోసం ఎంతైనా ఇవ్వాలనిపిస్తుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు ఊరి వెలుపల తాత్కాలిక పార్కింగు స్థలాలు ఎలాగూ ఏర్పాటు చేస్తారు. వాటిలో ఒకదానిలో ఈసారి పైన చెప్పిన గచ్చు, రెండు కుళాయిలు, స్నానాల గదులు, రాత్రి కాపలా పెట్టి, ఉత్సవాల తరువాత కూడా అలాగే కొనసాగించాలని నగరపాలక సంస్థనూ, తిరుమల తిరుపతి దేవస్థానాన్నీ, పర్యాటక శాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రుసుము చెల్లించడానికి మేము సిద్ధం. ఇంజనీర్లు రమ్మంటే మా బండిని తీసుకువచ్చి, గచ్చు ఎంత వాలు ఉండాలో, రంధ్రం ఎంత వెడల్పు ఉండాలో వారి ఎదుటే కొలిచి చూపిస్తాము.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిత్తూరు