గ్రంథాలయం పేపర్ చదవడానికేనా?

సంపాదకులకు,

గ్రంథాలయానికి వెళ్లేవాళ్లలో చాలామంది పేపర్ తిరగేసి, ఫ్యాన్ కింద కాసేపు కూర్చుని వచ్చేస్తారు, నేనూ చాలాకాలం అంతే. ఒకరోజు మా అమ్మాయి ప్రాజెక్టు కోసం నక్షత్రాల మీద పుస్తకం కావాలని అరలన్నీ గాలిస్తుంటే లైబ్రేరియన్ గారు వచ్చి, ఒక పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీ చూపించి, "520 అంటే ఖగోళశాస్త్రం, ఆ వరుసలో చూడండి" అన్నారు. రెండు నిమిషాల్లో దొరికింది! 1876లో మెల్విల్ డ్యూయీ తెచ్చిన ఈ నంబర్ల పద్ధతి ఇన్నేళ్లూ కళ్లముందే ఉన్నా నేనే పట్టించుకోలేదు.

అసలు అడగడానికి మొహమాటం దేనికి? కావలసిన పుస్తకం అక్కడ లేకపోతే వేరే శాఖ నుంచి తెప్పించే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది, ఎవరో తీసుకెళ్లిన పుస్తకానికి ముందే పేరు రాయించుకోవచ్చు కూడా. పాఠకుడి సమయం ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రంగా చెప్పారు కాబట్టి విసుక్కుంటారేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. కాకపోతే గ్రంథాలయాలూ కాస్త చొరవ చూపాలి. ఏయే సేవలున్నాయో గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టరెందుకు? మూలనున్న బీరువాలో తాళం వేసిన రిఫరెన్సు పుస్తకాలు చూడాలంటే ఎవర్ని అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు.

– ఒక పాఠకురాలు