మాఫ్ సెన్సర్ల విషయంలో తప్పు మన షెడ్డుదే

మన షెడ్డుకి బండ్లు ఇచ్చే వాళ్లందరికీ నమస్తే. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను.

జనవరి నుంచి మార్చి దాకా మూడు పాత ఆక్టేవియా 1.8 టర్బోలకి కొత్త మాఫ్ సెన్సర్లు బిగించాను. ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది మాఫ్. ఆ మూడూ నకిలీవని తేలింది. డబ్బా అసలుదే, స్టిక్కర్ అసలుదే, లోపల ఉన్నది మాత్రం చెత్త. ఏడేళ్లుగా సరుకు పంపుతున్న మనిషి. ఫోన్ చేస్తే "మీ ఒక్కరి దగ్గరి నుంచే కంప్లయింట్ వచ్చింది సార్, ఫిట్టింగ్ చూసుకోండి" అన్నాడు. ఫిట్టింగ్ అట! రెండు స్క్రూలు, ఒక సాకెట్. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడికి రెండు స్క్రూలు బిగించడం రాదన్నమాట. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు.

కానీ నా తప్పు కూడా ఉంది. మొదటి బండి అబ్బాయి వచ్చి "అన్నా, నాలుగు వేల ఆర్‌పీఎం దాటితే లాగట్లేదు" అన్నాడు. అతని బండికి నూనె పెట్టే కాటన్ ఫిల్టర్ ఉంది. ఆ నూనె ఎక్కువైతే మాఫ్ లోపలి వేడి ఫిల్మ్ మీద పేరుకుని రీడింగ్ పాడవుతుంది, అది నిజమే. నేను సెన్సర్ వైపు చూడనే లేదు. ఇద్దరు కస్టమర్ల ముందు "ఫిల్టర్‌కి నూనె రాయమంటే పులిహోరకి పోపు పెట్టావు" అని క్లాసు పీకాను. పాపం, ఏమీ అనలేదు. క్లీనింగ్‌కి డబ్బులు కూడా ఇచ్చి వెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే కంప్లయింట్.

అప్పుడు వికారాబాద్ రోడ్డు మీద తెల్లవారుజామున లాప్‌టాప్ తగిలించి మూడో గేర్‌లో లాగి చూశాం. ఇదే బండి పాత సెన్సర్ పాడవకముందు పీక్‌లో సెకనుకు 152 గ్రాముల గాలి చూపించేది. ఆ అంకెను 0.8తో భాగిస్తే సుమారుగా హార్స్‌పవర్ వస్తుంది, అంటే 190. ఇప్పుడు 118 దగ్గరే ఆగిపోయింది, 5,000 ఆర్‌పీఎం నుంచి గీత గీసినట్టు అక్కడే ఉంది. టర్బో ప్రెజర్ మాత్రం ఎప్పటిలాగే ఒక బార్. అదే టర్బో, అదే ప్రెజర్, గాలి మాత్రం దాదాపు నాలుగో వంతు తక్కువ ఎలా అవుతుంది? మామూలు నడకలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, 17 శాతం పెట్రోల్ అదనంగా కలుపుకుంటూ నెట్టుకొస్తోంది. షెడ్డులో పిల్లాడు "అన్నా, సాకెట్ పీకి చూద్దామా" అన్నాడు. పీకాం. సెన్సర్ లేకపోతే ఈ ఈసీయూ థ్రాటిల్ ఎంత తెరిచారో, ఆర్‌పీఎం ఎంతో చూసి గాలిని అంచనా వేసుకుంటుంది. బండి మళ్లీ లాగింది! నేను డబ్బులు తీసుకుని బిగించిన సెన్సర్ కంటే ఖాళీ సాకెట్ నయమని తేలింది.

ఆ అబ్బాయికి ఇంటికి వెళ్లి సారీ చెప్పాను. క్లీనింగ్ డబ్బులు తిరిగిచ్చాను. మనూళ్లో మాఫ్ అంటే ఇంకో అర్థం కూడా ఉంది కదా, అది ఈసారి నేను అడగాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. నెల రోజులుగా నిద్ర లేకుండా చేసింది ఇదే. పదకొండేళ్లుగా మీ అందరికీ ఒకటే మాట చెబుతూ వచ్చాను: మాఫ్ గాలిని కొలుస్తుంది, మ్యాప్ ఊహిస్తుంది. మ్యాప్ అంటే మానిఫోల్డ్‌లో ప్రెజర్ చూసే సెన్సర్. ప్రెజర్, గాలి వేడి, ఆర్‌పీఎం పట్టుకుని, ఇంజిన్ ఎంత బాగా గాలి పీలుస్తుందో మనం నింపిన టేబుల్‌తో లెక్క కడుతుంది. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) మార్చినా, టర్బో మార్చినా ఆ టేబుల్ మళ్లీ మొదటి నుంచి నింపాలి. మాఫ్‌కి ఆ బాధ చాలా వరకు ఉండదు. ఈ మాట పట్టుకునే ఊళ్లో ఇంకో షెడ్డు వాళ్లు నన్ను "క్యాసెట్ల కాలం మెకానిక్" అంటున్నారని విన్నాను. అననివ్వండి. హోండా వాళ్ల పాత సిటీ వీటెక్ మ్యాప్‌తోనే హాయిగా నడిచిందని నాకూ తెలుసు.

అయినా ఆ రోజు లాప్‌టాప్‌లో రికార్డు చేసిన లాగ్‌లో నిజం చెప్పింది ప్రెజర్ సెన్సరే. అది మింగుడు పడటానికి టైం పట్టింది.

నా నిర్ణయం ఇది. కంపెనీ టర్బో మీద సాఫ్ట్‌వేర్ ట్యూన్ మాత్రమే చేయించుకున్న బండ్లకి మాఫ్ అలాగే ఉంటుంది. ఎవరేమన్నా తీయను. పెద్ద టర్బో వేయించుకునే బండ్లకి మాత్రం ఇక మ్యాపే, దానికి విడిగా ఈసీయూ. ఆ గాలికి చిన్న మాఫ్ పైపు చాలదు, రీడింగ్ పైకప్పుకి తగిలి ఆగిపోతుంది. "బండిలో ఆల్రెడీ ప్రెజర్ సెన్సర్ ఉంది కదా, దాంతో కానిద్దాం" అనకండి. అది థ్రాటిల్‌కి ముందు టర్బో ప్రెజర్ చూసేది. మనకి కావాల్సింది థ్రాటిల్ తర్వాత మానిఫోల్డ్ మీద కూర్చునే 3 బార్ సెన్సర్. మే నెలలో సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగితే మానిఫోల్డ్ కాలిపోయి, గాలి వేడి చూసే సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ వేడి చూపిస్తుంది. ఈసీయూ పెట్రోల్ తగ్గిస్తుంది, కదలగానే బండి జర్క్ కొడుతుంది. దాన్ని సరిచేయడానికే ఒక్కో బండికి మధ్యాహ్నం ఎండలో రెండు రోజులు తిరగాలి. అందుకే నెలకి రెండు బండ్లే తీసుకుంటాను. తొందరున్నవాళ్లు వేరే చోటికి వెళ్లినా నేనేం అనుకోను. కొంచెం అనుకుంటాను.

ఆ మూడు బండ్లకి అసలు సెన్సర్లు వచ్చేశాయి. ఒక్క రూపాయి తీసుకోను. ప్లగ్గులు తీసి, సిలిండర్‌లోకి కెమెరా పెట్టి పిస్టన్లు కూడా చూస్తాను. సెన్సర్ గాలి తక్కువ చూపిస్తే ఫుల్ లోడ్‌లో పెట్రోల్ తక్కువ పడుతుంది, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండడం) మొదలవుతుంది, ఆ భయం నాకుంది. మొదటి రెండింటిలో ఏమీ లేదు. మూడో బండి ఆయన ఊళ్లో లేరు, వచ్చేదాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దని చెప్పాను. ఇక మీదట కొత్త సెన్సర్ ఏదైనా, నా బీరువాలో దాచిన మంచి సెన్సర్‌తో పోల్చిన లాగ్ మీకు చూపించాకే బిల్లు.

ఇంకొకటి. గేర్ మార్చినప్పుడు ఆ "ప్ష్" శబ్దం కోసం గాలి బయటికి వదిలే వాల్వ్ పెట్టమని ఇప్పటికి ఆరుగురు అడిగారు. మాఫ్ ఉన్న బండిలో అది లెక్కలోకి వచ్చేసిన గాలి. బయటికి వదిలేస్తే ఈసీయూ దానికి సరిపడా పెట్రోల్ పోసేస్తుంది, సైలెన్సర్ లోంచి నల్ల పొగ వస్తుంది. మాఫ్ బండికి నేను ఆ వాల్వ్ బిగించను. మళ్లీ అడగొద్దు.