గాదంకి వెళ్లి వచ్చాక

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ రేడియో స్వామీ,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు తిట్టుకో. గంగమ్మ జాతరలో బండవేషం కట్టినవాళ్లకు తీసిపోని నోరు నీది, నేను నేర్పాలా? ఇక్కడ అందరం కులాసా. చిన్నదానికి జ్వరం వచ్చి తగ్గింది. ఇంటి అద్దె పెరిగింది. నువ్వు ఇచ్చిన మామిడి మొక్క బతికింది. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

మొన్న మా డిగ్రీ పిల్లలను గాదంకి తీసుకెళ్లాను. చిత్తూరు బస్సులో కూర్చుని ఆ ఊరు ఎప్పుడు దాటామో కూడా చూసుకోని రోజులు గుర్తున్నాయా? అంతరిక్ష శాఖ వాళ్ల జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది అక్కడే. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో వరుసకు 32 చొప్పున 1024 చోట్ల యాంటెనాలు. దూరదర్శన్ కోసం మిద్దెల మీద కట్టుకునేవాళ్లం చూడు, ఆ జాతివే. కాకపోతే ఇవన్నీ నెత్తిమీది ఆకాశం వైపు చూస్తూ ఉంటాయి. అన్నీ కలిసి ఒక పెద్ద రాడార్ అన్నమాట. 53 మెగాహెర్ట్‌జ్ దగ్గర పైకి రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చే కాస్తంత ప్రతిధ్వనిని పట్టుకుని, పైన గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోందో చెబుతారు.

అక్కడి ఇంజినీరు ఒకాయన తెర చూపిస్తూ, "ఈ అడుగున గడ్డి మొలిచినట్టు ఉన్నదంతా నాయిస్" అన్నాడు. మా పిల్లల్లో ఒకడు, ఎప్పుడూ వెనక నిలబడేవాడు, "సార్, ఈ గదిలో ఏసీ మోత తప్ప ఇంకేమీ వినిపించడం లేదు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇది చెవికి వినిపించేది కాదు బాబూ. మనం వెతికేదానికి అడ్డుపడే ప్రతిదానికీ మా దగ్గర అదే పేరు. ఇందులో మా యంత్రం చేసే అల్లరి కొంతే. ఎక్కువ భాగం పాలపుంత నుంచి వస్తోంది" అన్నాడు.

ఒరేయ్, పాలపుంతరా! రాళ్లగుట్టల మధ్య, ఎండలో, మన గాదంకిలో! పైగా అది రోజంతా ఒకే తీరుగా ఉండదట. పాలపుంతలో దట్టమైన భాగం నెత్తిమీదికి వచ్చినప్పుడు పెరుగుతుంది, పక్కకు జరిగితే తగ్గుతుంది. ఆ పెరిగే వేళ ప్రతిరోజూ ముందురోజుకన్నా నాలుగు నిమిషాలు ముందుగానే వస్తుంది. అంత ఖచ్చితంగా వస్తుంది కాబట్టి ఇలాంటి రాడార్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో దానితోనే సరిచూసుకోవచ్చు. అడ్డుపడేవాడినే తూకపురాయిగా పెట్టుకోవడమంటే ఇదే.

ఆ నాలుగు నిమిషాలతోనే దొంగ దొరికాడట. అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అనే కుర్ర ఇంజినీరును బెల్ లేబొరేటరీస్ వాళ్లు, సముద్రం మీదుగా వెళ్లే రేడియో టెలిఫోనులో ఈ గరగర ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టమన్నారు. చక్రాల మీద తిరిగే పెద్ద యాంటెనా కట్టుకుని కూర్చున్నాడు. దగ్గరి ఉరుములు ఒక రకం, దూరపు ఉరుములు ఇంకో రకం. మూడోది మాత్రం ఆగకుండా సన్నగా బుసకొట్టేది. అది 23 గంటల 56 నిమిషాలకు ఒకసారి అదే చోటికి వస్తోంది. సూర్యుడిదైతే 24 గంటలు పట్టాలి, నక్షత్రాలే రోజూ ఆ నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వచ్చేవి. కనుక నక్షత్రాల వైపు నుంచే వస్తోందని 1933లో తేల్చి చెప్పాడు. రేడియో ఖగోళశాస్త్రం అక్కడ పుట్టింది. నీ మర్ఫీ రేడియో నెత్తిన మొట్టడం కాకుండా ఒక్కరోజైనా గడియారం చూసి ఉంటే... సరే, పోనీ.

నాకు ఇంకా తలకెక్కిన మాట వేరే ఉంది. ఆ రాడార్‌కు ప్రతిధ్వని ఇచ్చేది ముఖ్యంగా గాలిలోని అల్లకల్లోలమేనట. విమానం కుదుపులకు మనం గోవిందా గోవిందా అని మొక్కుకుంటాం చూడు, ఆ జాతి కలత అన్నమాట. గాలి కదలకుండా పడి ఉంటే వీళ్ల బతుకు కష్టం. అంటే ఒక కలతలో దాగిన ఇంకో కలతను వెతుక్కుంటున్నారు! వచ్చినదాన్ని వచ్చినట్టు మళ్లీ మళ్లీ కూడుతూ పోతే అసలు సంకేతం పేరుకుంటుంది, నాయిస్ తనలో తాను కొట్టుకుని అంతగా పెరగదు.

తిరుగు ప్రయాణంలో ఇదంతా మా ఇంగ్లీషు మేడంకు చెబితే ఆవిడ ఇంకో బాంబు పేల్చింది. ఈ నాయిస్ అనే మాట పాత ఫ్రెంచిలో కొట్లాటకు పేరట, అంతకు ముందు లాటిన్‌లో ఓడ ఎక్కినవాళ్లకు వచ్చే వాంతికి పేరట. నిఘంటువులు రాసినవాళ్లలో ఎక్కువమంది అలాగే అంటారట. ఈ సంబంధం నీకు విడమరిచి చెప్పాలా? ఘాట్ రోడ్డు, నిమ్మకాయ, నా కొత్త తెల్ల చొక్కా. ఇంతకన్నా రాయను.

ఇంటికి వచ్చాక అమ్మ విషయంలో మాత్రం మనసు బాగోలేదు. వినికిడి యంత్రం తీసి పోపులపెట్టె పక్కన పెట్టేసింది. "నీ మాటా, గిన్నెల మోతా, ఫ్యానూ అన్నీ ఒక్కసారే మీద పడుతున్నాయిరా, ఏది పట్టుకోను?" అంటుంది. తీసేస్తే చెవిలో హోరు. బయటి నుంచి వచ్చేది తగ్గిపోతే మెదడే ఏదో ఒకటి పుట్టించుకుంటుందని డాక్టరు అన్నాడు. గాదంకిలో కూడికలు చేసే యంత్రం ఉంది, అమ్మ చెవికి... ఏమో.

విచిత్రం చూడు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపం మీద నేను పళ్లు నూరుతుంటానా, నివాస ప్రాంతంలో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చూపించి వాళ్లతో పోట్లాడుతుంటానా, ఆ డోలు మోగితే అమ్మ మాత్రం వరండాలోకి కుర్చీ లాక్కుంటుంది. "ఇది బాగా వినిపిస్తోంది" అంటుంది. నేను ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాను.

ఇంకోటి, చీకట్లో తీసిన ఫోటోలో రవ్వలు రవ్వలుగా కనిపిస్తుందే, దాన్నీ నాయిస్ అనే అంటారు. దాని కారణం ఇంకా బాగుంటుంది, వెలుతురు కూడా గింజల్లా రాలుతుంది కాబట్టి... అబ్బా, బావమరిది చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చెన్నై బస్సుకు టైమైందట. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. తక్కినది తర్వాత

నీ
తెల్ల చొక్కా