గోడల చెమ్మ విషయంల సాయం చేసిన అందరికీ థ్యాంక్స్

అందరికీ నమస్తే. మిర్యాలగూడ పక్కన కడుతున్న మా ఇంటి గోడలు చెమ్మ పట్టి తెల్లగ, అక్కడక్కడ నల్లగ అయినయని ఫొటోలు పెట్టి అడిగితే ఇంతమంది పట్టించుకుంటరని అనుకోలే. ఫోన్ చేసినోళ్లు, వచ్చి చూసినోళ్లు, తిట్టినోళ్లు (మా మేనమామ), అందరికీ దండాలు.

ముందుగాల పెద్దమేస్త్రి కాకకు. పెయింట్ షాపాయన డ్యాంప్ ప్రూఫ్ కొట్టి మీద లప్పం పెడితే అయిపోతదని డబ్బాల లెక్క కూడ రాసిచ్చిండు, పైసలు కట్టేముందే కాక వచ్చి ఆపిండు. హాల్ల గోడకు మోకాలెత్తు దాక తెల్లపొడి, గోటితో గీకితే గిలాబు జలజల రాలుతున్నది, కాక జరంత నాలిక మీద ఏసుకొని ఉప్పు అన్నడు, నిజంగనే నాలిక మీద ఏసుకున్నడు! ఇటుకలల్ల, బోరు నీళ్లల్ల ఉండే ఉప్పు తడితోని బయటికొస్తది, నీళ్లు ఆరినంక అది గోడ మీదనే మిగులుతది. కడిగితే కరిగి మళ్ల లోపలికే పోతదట, పొడి బ్రష్ తోనే దులపాలె. తడి ఏడికెళ్లి వస్తుందో చూడకుంట ఎన్ని పూతలు కొట్టినా పొక్కులొచ్చి ఊడుతది బిడ్డా అన్నడు.

తర్వాత ఇంటెనకకు తోల్కపోయిండు. పక్కనే వరి పొలం, సాగర్ ఎడమ కాల్వ నీళ్లొదిలితే నేలంత ఊటే. అది చాలదన్నట్టు వాకిలి లెవెల్ చేసినోళ్లు మొరం ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద ఉండే కాంక్రీట్ దూలం) దాటి పైకి పోసిండ్రు. డీపీసీ, అంటే గోడ అడుగున పరిచే తడి ఆపే పొర, ఏసేదే కింది తడి పైకి ఎక్కొద్దని, మట్టే దానికంటే పైకుంటే తడి పక్కకెళ్లి సీదా ఇటుకలల్లకే పోతది, ఇంక డీపీసీ ఉండి ఏం ఫాయిదా. ఆ మొరం అంత తీసి, నీళ్లు గోడ దిక్కు రాకుంట వాలు పెట్టిన జేసీబీ తమ్ముడు డీజిల్ పైసలే తీసుకున్నడు, నీ మేలు మర్చిపోం తమ్మీ.

పాలిటెక్నిక్ల చెప్పే అక్క ఒక ఉపాయం చెప్పింది, ఇల్లు కట్టేటోళ్లు గుర్తు పెట్టుకోండ్రి. పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు దిక్కుల టేప్ తో గట్టిగ అంటించి 24 గంటలు దాటినంక చూడాలె. గోడ దిక్కు బొట్లుంటే తడి గోడలది, మన దిక్కుంటే గదిల గాలిది. హాల్ల గోడ దిక్కే వచ్చినయి, బెడ్రూంల మాత్రం మన దిక్కు. అంటే ఆ నల్ల మచ్చలు గాలాడక పట్టిన బూజు, కిటికీలకు కట్టిన టార్పాలిన్లు తీసేసినం. ప్రహరీకి ఇటుక కొనేముందు కూడ ఐఎస్ 3495 (ఇటుకల పరీక్షలకు మన దేశ ప్రమాణం) ల ఉన్నట్టు 25 మిల్లీమీటర్ల నీళ్లల్ల ఇటుకను నిలబెట్టి, ఆ నీళ్లు ఆరినంక ఇంకోసారి పోసి ఆరబెట్టి చూడుమన్నది, ఇటుక మీద తెల్లమచ్చ 10 శాతం లోపుంటే పర్వాలేదు, సగం దాటితే ఆ లోడు అసలే వద్దన్నది.

ఇప్పుడు కింద గిలాబు కొట్టేసి ఇటుక ఆరనిస్తున్నం, పూర్తిగ ఆరినంకనే మళ్ల గిలాబు, లప్పం, రంగులు. గృహప్రవేశం మాఘానికి వాయిదా ఏసినం, అమ్మ ఇంక గులుగుతనే ఉన్నది. పిలుపు అందరికీ వస్తది, కాకా నువ్వైతే ముందురోజే రావాలె. అక్కా, మీ టేప్ కట్ట మా దగ్గర్నే ఉంది, ఆదివారం తెచ్చిస్త.