కళ్లద్దాల కౌంటరు వెనక అలసట

సంపాదకులకు నమస్కారం.

దుకాణాల్లో పనిచేసేవాళ్ల ఒత్తిడి గురించి ఎవరు రాసినా చివరికి ప్రాణాయామం చేయండి, నవ్వుతూ ఉండండి అన్న సలహాల దగ్గర ఆగుతారు. కళ్లద్దాల షాపులో పనిచేసేవాళ్లకి ఇవి చాలవు. వాళ్లని లోపల్లోపల అరగదీసేది ప్రధానంగా ఒకటే: ఎక్కడో జరిగిన తప్పుకి రోజూ కౌంటర్లో నిలబడి తామే జవాబు చెప్పుకోవాల్సి రావడం. ఆ తప్పుల్లో చాలావాటిని ఆర్డరు రాసుకునే పది నిమిషాల్లోనే ఆపొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని జబ్బు కింద కాకుండా, పనిచోట ఒత్తిడిని సరిదిద్దకపోతే వచ్చే స్థితిగా వివరించింది. లక్షణాలు మూడు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విముఖత, పని సరిగ్గా చేయలేకపోతున్నామన్న భావన. కౌంటర్లో ఇవి ఇలా బయటపడతాయి. తలుపు చప్పుడికే గుండె బరువెక్కుతుంది. కళ్లద్దాల పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన పెద్దాయన నోరు తెరవకముందే "అలవాటైపోతుందండీ" అనేస్తాం. పీడీ, అంటే కనుపాపల మధ్య దూరం, కొలవకుండా పాత కార్డులో ఉన్నదే ఎక్కించేస్తాం. ఈ చివరిది మొదలైతే ఇక తప్పులూ తిట్లూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

గొడవలు ఎక్కువగా తెచ్చేవి ప్రోగ్రెసివ్ లెన్సులు. చత్వారం వచ్చినవాళ్లకి ఒకే అద్దంలో దూరం, దగ్గర రెండూ కనబడతాయని చెప్పి అమ్ముతారు. పక్కలు మసగ్గా ఉంటాయనీ, పక్కకి చూడాలంటే తల తిప్పాలనీ, అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చనీ, అప్పటిదాకా మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త అనీ డబ్బు కట్టాక చెబుతారు, లేదా అసలు చెప్పరు. ఇదంతా బిల్లుకి ముందే చెప్పాలి. కొలతల్లో వరస తప్పకూడదు. ముందు ఫ్రేముని ముక్కుకీ చెవులకీ సరిచేసి, ఆ తర్వాతే మనిషి తిన్నగా ఎదురుగా చూస్తుండగా డెమో లెన్సు (కొత్త ఫ్రేముతో వచ్చే పవరు లేని అద్దం) మీద కనుపాప నడిమికి పెన్నుతో గుర్తు పెట్టాలి. చాలా చోట్ల గుర్తు ముందు పెట్టేసి, డెలివరీ రోజున నోస్ ప్యాడ్లు సర్దుతారు. దాంతో ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు మారిపోతుంది. ఫ్రేము దిగితే పేపరు చదవడానికి గడ్డం పైకెత్తాలి, ఎక్కితే దూరపు చూపు మసకబారుతుంది. పీడీ కూడా రెండు కళ్లకీ విడివిడిగా తీయాలి, ముక్కు అందరికీ సరిగ్గా నడిమధ్యన ఉండదు. ఫిట్టింగు ఎత్తు, అంటే అద్దం కింది అంచు నుంచి ఆ గుర్తు దాకా దూరం, 14 మి.మీ. కూడా రాని సన్నటి ఫ్రేములకి చాలా డిజైన్లు సరిపోవు. ఎంత ముచ్చటపడినా అలాంటి ఫ్రేము వద్దని అప్పుడే చెప్పేయాలి.

మామూలు లెన్సులోనూ పవరు పెరిగేకొద్దీ కొలత విలువ పెరుగుతుంది. మైనస్ 6 పవరు లెన్సు మధ్యబిందువు 2 మి.మీ. పక్కకి జరిగితే 1.2 ప్రిజం, అంటే కాంతి పక్కకి వంగడం, పుడుతుంది. తలనొప్పి, కళ్లు లాగడం దాని ఫలితమే. మైనస్ 1 వాళ్లకి అదే తప్పు 0.2 మాత్రమే, తెలియను కూడా తెలియదు. అందుకే నాలుగు దాటిన పవర్లకి పీడీ రెండుసార్లు కొలవాలి. సిలిండరు అంటే కంటి వంపులో తేడాకి ఇచ్చే పవరు, యాక్సిస్ అంటే దాన్ని అమర్చే కోణం. ఆ యాక్సిస్ 10 డిగ్రీలు తప్పితే ఆ సిలిండరులో దాదాపు మూడో వంతు సరిదిద్దకుండా మిగిలిపోతుంది. కాబట్టి పవరు ఫోన్లో చెబితే రాసుకోవద్దు, ప్లస్సు మైనస్సు తారుమారయ్యేది అక్కడే. కార్డు ఫొటో పంపమనాలి.

పాత ఫ్రేములో కొత్త లెన్సు వేయమంటే, వేసేటప్పుడు విరగొచ్చని ముందే చెప్పి, బిల్లు మీద రాసి సంతకం తీసుకోవాలి. ల్యాబు నాలుగు రోజులంటే కస్టమరుకి ఆరు చెప్పాలి.

ఫిర్యాదు వచ్చినప్పుడు వాదన వద్దు, వరస ఉండాలి. కూర్చోబెట్టి, ఇబ్బంది దూరానికా దగ్గరకా, పాత అద్దాలతో ఎలా ఉందీ అని అడగాలి. లెన్సు పవరు కొలిచే లెన్సోమీటరులో పవరు చూసి కార్డుతో సరిపోల్చాలి. మధ్యబిందువులు, పీడీ చూడాలి. ఫ్రేము వంపు, నోస్ ప్యాడ్లు సరిచేసి మళ్లీ చూడమనాలి. అప్పటికీ తేడా ఉంటేనే కంటి పరీక్ష. ఈ వరస చేతిలో ఉంటే తిట్లు మనసుకి అంతగా అంటవు, ఎందుకంటే తర్వాత చేయాల్సిందేమిటో తెలుసు. షాపు తప్పని తేలితే యజమానికి ఫోన్ చేయకుండానే లెన్సు మార్చే అధికారం కౌంటరు మనిషికి ఇవ్వాలి. ఆ అధికారం లేకుండా మాటలు మాత్రం పడమనడం అన్యాయం. ఫిర్యాదులకి కారణాలు ఒక నోటుపుస్తకంలో రాస్తే, నెల తిరిగేసరికి ఏ తప్పు మళ్లీ మళ్లీ వస్తోందో యజమానికీ కనబడుతుంది.

ఇంకో అలసట గురించి ఎవరూ మాట్లాడరు. తాము నమ్మని సరుకు అమ్మాల్సి రావడం. నీలి కాంతిని ఆపే బ్లూ కట్ లెన్సులు కంప్యూటరు వల్ల వచ్చే కంటి అలసటని తగ్గిస్తాయని చెప్పించి టార్గెట్లు పెడుతున్నారు. మామూలు లెన్సులతో పోలిస్తే ఆ మేలు ఉన్నట్టు కనబడలేదని వైద్య పరిశోధనలని కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష చెప్పింది. ఇది తెలిసిన ఆప్టోమెట్రిస్టు, అంటే కంటి పరీక్ష చేసి పవరు చెప్పే మనిషి, రోజుకి ఇన్ని అమ్మాలంటే లోపల ఏదో విరుగుతుంది. ఇన్సెంటివ్ అమ్మకం మీద కాకుండా, నెల రోజులైనా తిరిగి రాని ఆర్డర్ల మీద లెక్కిస్తే ఈ బాధ తగ్గుతుంది, లెన్సులు మళ్లీ చేయించే ఖర్చూ తగ్గుతుంది.

గట్టిగా గొడవపడ్డ కస్టమరు వెళ్లాక ఆ మనిషిని పది నిమిషాలు ఫిట్టింగు బల్ల దగ్గరికి పంపాలి. కౌంటరు, పరీక్ష గది, ఫిట్టింగు మధ్య రెండేసి గంటలకి మార్చాలి. బాత్రూము సౌకర్యం లేక ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేసే షాపులు ఇంకా ఉన్నాయి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలు సవరించి సిబ్బందికి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. మన రెండు రాష్ట్రాల కార్మిక శాఖలూ హైదరాబాద్ కోఠి నుంచి విజయవాడ బీసెంట్ రోడ్డు దాకా ప్రతి షాపులో స్టూలు ఉందో లేదో తనిఖీ చేయాలి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా డాక్టరుని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

కస్టమర్లకి ఒక మనవి. కళ్లద్దాలు సరిపడకపోతే తప్పకుండా తిరిగి రండి. వచ్చేటప్పుడు పాత కళ్లద్దాలు, డాక్టరు రాసిన కార్డు తెచ్చుకోండి. ఆదివారం సాయంత్రం రద్దీలో కాకుండా మామూలు రోజు పొద్దున్నే వస్తే, మీ కళ్లని నిదానంగా చూసే తీరిక మాకూ ఉంటుంది.

– ఒక ఆప్టోమెట్రిస్టు, విజయవాడ