సర్వర్‌కి ఏ ఓఎస్ అని అడిగావుగా

ఒరేయ్ మావా,

నిన్న ఫోన్‌లో మీ గోడౌన్ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ నడిచే సర్వర్‌కి ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వెయ్యాల్రా అన్నావు, నేను బస్సులో ఉన్నా, సగం వినపడలా, అందుకే తీరిగ్గా రాస్తున్నా. డెబియన్ వెయ్యరా, లినక్స్‌లో ఒక రకం అది. లినక్స్‌లోనే ఇంకో రకం ఉబుంటు, దాని ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) అన్నా నేను కాదనను. లినక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ అనే ఓఎస్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లు (డిస్క్‌ని ఆ క్షణానికి ఉన్నదున్నట్టు దాచేవి) నాకూ ఇష్టమే గానీ నువ్వు ఊళ్ళో లేనప్పుడు ఆ మెషీన్ చూసే కుర్రాడికి లినక్స్ తప్ప ఏం తెలీదు కదా.

అందరూ ఏది స్పీడు అని చూస్తారు, మీ గోడౌన్ లెక్కలకి ఆ తేడా కంటికి కూడా ఆనదు. నాకు 2019లో ఏమైందో విను. డెబియన్ 9 మీదున్న డేటాబేస్‌ని రెప్లికేషన్ (ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టు ఇంకో మెషీన్‌కి కాపీ అయ్యే పద్ధతి) పెట్టి, డెబియన్ 10 వేసిన కొత్త మెషీన్‌కి మార్చేశా, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ అదే, ఎర్రర్ ఒక్కటీ లేదు, హాయిగా పడుకున్నా. రెండ్రోజులకి కౌంటర్‌లో అక్క ఫోన్ చేసి, బాబూ లిస్టులో కనపడుతున్న కస్టమరే డోర్ నంబర్ కొడితే లేడంటోంది అంది. కంప్యూటర్ లేడందని ఆవిడ మళ్ళీ ఎక్కించేసింది కూడా, ఒకే నంబర్ రెండుసార్లు పడనివ్వని యూనిక్ ఇండెక్స్ ఉండి కూడా ఆపలేదురా!

విషయం ఏంటంటే, అక్షరాల వరస పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఓఎస్‌లోని గ్లిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది, 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో ఆ వరస మారిపోయింది. ఇంగ్లీష్ లొకేల్ (భాష సెట్టింగ్) పెట్టి 1-1, 11 అని రెండు లైన్లు సార్ట్ కొడితే డెబియన్ 9లో 11 ముందొస్తుంది, 10లో 1-1 ముందొస్తుంది. మన డోర్ నంబర్లన్నీ గీతలే కదరా! ఇండెక్స్, అంటే వెతకడానికి వాడే పట్టిక, పాత వరసలో కట్టుంది, వెతికేది కొత్త వరసలో, ఇంకెక్కడ దొరుకుతుంది. డబుల్ ఎంట్రీలు ఏరి, రీఇండెక్స్ కొట్టి ఇండెక్స్‌లు మళ్ళీ కట్టేసరికి తెల్లారింది.

అందుకే చాలా ఏళ్ళపాటు మార్చక్కర్లేని ఓఎస్ కావాలి. సెంటాస్ 8 అనే ఇంకో లినక్స్‌కి 2029 దాకా ఢోకా లేదనుకున్నోళ్ళకి 2021 డిసెంబర్‌తోనే సపోర్ట్ ఆగిపోయింది. డెబియన్‌కి ఎల్‌టీఎస్‌తో కలిపి సపోర్ట్ ఐదేళ్ళు. 13 వేస్తే పోస్ట్‌గ్రెస్ 17 దాంతోనే వస్తుంది, అందులో బిల్టిన్ సీ.యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాల వరస పద్ధతి) ఉంది, అది ఎంచుకుంటే వరస కోసం గ్లిబ్‌సీ దగ్గరికి పోదు. రిపోర్టులో తెలుగు పేర్లు వరసగా కావాలంటే ఆ క్వెరీకి మటుకు ఐసీయూ (భాషల వరసలు తెలిసిన వేరే లైబ్రరీ) కొలేషన్ పెట్టుకో.

ఒక్కటి గుర్తుంచుకో, ప్యాకేజీ ఎక్కించగానే డెబియన్ సిస్టమ్ లొకేల్‌తో దానంతటదే ఒక క్లస్టర్ (డేటాబేస్‌లు ఉండే చోటు) కట్టేస్తుంది, అంటే వరస మళ్ళీ గ్లిబ్‌సీదే. ఆదివారం దాంట్లో డేటా పొయ్యకముందే నాకు ఫోన్ కొట్టు, ఇద్దరం కలిసి చేద్దాం.

నీ
మావ